కృత్తిక, రోహిణి, మృగశిర: పసినక్షత్రాలు ఎదిగే తీరు తెలిసిన కథ

కువైట్‌లో ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ మొదటివారం దాకా సుమారు నలభై రోజుల కాలాన్ని స్థానికులు ‘కన్నా’ అంటారు. దాగి ఉండటం అని ఆ మాటకు మూలార్థం. దాగేది ‘సురయ్యా’ అనే తారాగుచ్ఛం. ఆ రోజుల్లో అది సూర్యుడి వెలుగులో మునిగిపోయి కనబడదు. సురయ్యా అంటే మన కృత్తికలే. ఎండలు ముదిరే ఆ కాలాన్నే మన రైతులు కృత్తిక కార్తె, రోహిణి కార్తె అని లెక్కపెట్టుకున్నారు. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయన్న సామెత పుట్టింది అందుకే. రెండు సంప్రదాయాలకూ ఆధారం ఒక్కటే: ఆ వారాల్లో సూర్యుడు ఆకాశంలోని ఆ భాగం మీదుగా ప్రయాణిస్తూ ఉంటాడు. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట తెల్లవారుజామున ‘సుహైల్’ తిరిగి కనబడితే వేడి తగ్గుముఖం పట్టిందని గల్ఫ్ తీరం వాళ్ళు ఊరట చెందుతారు. సుహైల్ అంటే మన అగస్త్య నక్షత్రం.

ఈ లెక్కలను ఆధునిక ఖగోళ గణితంతో సరిచూసి ప్రజలకు అందించినవారు సాలెహ్ అల్-ఉజైరి (1920–2022). ఆయన పేరుతో వెలువడే క్యాలెండరుకు కువైట్ ఇళ్ళలో ఉన్న స్థానం మన ఇళ్ళలో పంచాంగానికి ఉన్న స్థానం లాంటిది. ఇక్కడి సైన్స్ క్లబ్‌లోని వేధశాల కూడా ఆయన పేరుమీదే ఉంది.

కృత్తికల నుంచి రోహిణి మీదుగా మృగశిర దాకా ఉన్న ఈ కాస్త మేర వ్యవసాయానికీ సముద్రయానానికీ కాలం చెప్పడంతో ఆగలేదు. నక్షత్రం పుట్టాక ఎలా పెరుగుతుంది, ఏం తిని పెరుగుతుంది అన్న ప్రశ్నకు మనిషి జవాబు తెలుసుకున్నది ప్రధానంగా ఇక్కడే. పసినక్షత్రం చుట్టూ వాయువు, ధూళి కలిసిన ఒక పళ్ళెం తిరుగుతూ ఉంటుంది. నక్షత్రం ఆ పళ్ళెంలోని పదార్థాన్ని కొద్దికొద్దిగా లోపలికి లాక్కుని పెరుగుతుంది. నేడు ఇది పాఠ్యపుస్తక విషయం. కాని మొదటి ఆధారం దొరికిన 1852కీ, దాని అర్థం స్థిరపడిన 1980ల చివరకూ మధ్య నూట ముప్పై ఏళ్ళకు పైగా గడిచాయి. ఆధారాలు చాలాకాలం కళ్ళ ఎదుటే ఉన్నాయి, వాటిని చదివిన తీరులోనే చిక్కు ఉంది. ఈ వ్యాసం ఆ చదువు చరిత్ర.

మాయమైన నీహారిక

1852 అక్టోబరులో జాన్ రసెల్ హిండ్ అనే ఇంగ్లీషు ఖగోళజ్ఞుడు వృషభరాశిలో, రోహిణికి కొంత ఉత్తరంగా, పటాల్లో లేని ఒక నక్షత్రాన్నీ, దాని పక్కనే మసకగా ఉన్న ఒక నీహారికనూ గమనించాడు. అప్పుడాయన లండన్‌లోని రీజెంట్స్ పార్కులో జార్జ్ బిషప్ అనే ధనికుడు కట్టించుకున్న సొంత వేధశాలలో పనిచేస్తున్నాడు. ఆ నక్షత్రం కాంతి స్థిరంగా లేదు. ఏ క్రమమూ లేకుండా పెరుగుతూ తరుగుతూ ఉంది. దానికి ‘టీ టౌరీ’ అని పేరు స్థిరపడింది. 1861లో డారెస్ట్ వెతికినప్పుడు నీహారిక కనబడలేదు! ఆకాశంలో ఒక మేఘమే మాయమవడం ఆనాటి ఖగోళజ్ఞులను కలవరపరచింది. 1890లో కాలిఫోర్నియాలోని లిక్ వేధశాలలో 36 అంగుళాల దూరదర్శినితో చూసినప్పుడు అక్కడ మళ్ళీ మసక జాడ చిక్కింది. ఆ నీహారికకు సొంత వెలుగు లేదనీ, పక్కనున్న నక్షత్రపు కాంతిని ప్రతిఫలించే ధూళి మాత్రమేననీ, నడుమ ఉన్న ధూళి నీడలు కదిలినప్పుడల్లా అది మారుతుందనీ తెలియడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఆ వేధశాలకు మన తీరంతో ఒక సంబంధం ఉంది. 1851లో అక్కడ సహాయకుడిగా పనిలో కుదిరిన నార్మన్ పాగ్సన్ 1861లో మద్రాసు వేధశాల అధిపతిగా వచ్చాడు. నక్షత్రాల వెలుగును కొలిచే తరగతుల పద్ధతికి కచ్చితమైన గణితరూపం ఇచ్చింది ఇతడే: 1856లో ఇతడు ప్రతిపాదించిన ప్రకారం ఐదు తరగతుల తేడా అంటే వెలుగులో నూరు రెట్ల తేడా. మద్రాసులో అతని సహాయకుడు చింతామణి రఘునాథాచారి 1867లో రెటిక్యులమ్ రాశిలో ఒక చరకాంతి నక్షత్రాన్ని కనుగొన్నాడు. ఆ రోజుల్లోనే విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో నెలకొల్పిన సొంత వేధశాలను ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు నడుపుతున్నాడు. చరకాంతి నక్షత్రాలను ఓపికగా చూసి రాసిపెట్టే పని లండన్ నుంచి మద్రాసు దాకా అప్పటికే సాగుతూ ఉంది. అవి ఎందుకు మారుతున్నాయో చెప్పగల భౌతికశాస్త్రం మాత్రం ఎవరి దగ్గరా లేదు.

పదకొండు నక్షత్రాలు

తొంభై ఏళ్ళ తరవాత, 1945లో, మౌంట్ విల్సన్ వేధశాలకు చెందిన ఆల్ఫ్రెడ్ జాయ్ అటువంటివి పదకొండు నక్షత్రాలను ఒకచోట చేర్చి వాటిని ఒక కొత్త జాతిగా గుర్తించాడు. లక్షణాలు నాలుగు: కాంతిలో క్రమంలేని మార్పులు, తక్కువ తేజస్సు, వర్ణపటంలో హైడ్రోజన్, కాల్షియంల ప్రకాశవంతమైన ఉద్గార రేఖలు, పక్కనే చీకటి మేఘమో వెలుగు మేఘమో ఉండటం. మొట్టమొదట దొరికిన నక్షత్రం పేరునే జాతి పేరుగా పెట్టాడు. మామూలు నక్షత్రాల వర్ణపటంలో ఉండేవి ముఖ్యంగా నల్లని శోషణ రేఖలు. ఉద్గార రేఖలు ఇంత బలంగా ఉన్నాయంటే నక్షత్రపు పైపొరలో గాని, దాని చుట్టూ గాని అసాధారణమైన వేడి వాయువు ఉన్నట్టు.

ఇవి పసినక్షత్రాలన్న ఆలోచన అందరికీ వెంటనే రాలేదు. అప్పటి ఖగోళజ్ఞులు కొందరు ఇవి మామూలు నక్షత్రాలేననీ, దారిలో ధూళిమేఘం తగిలి ఇలా అలజడి పడుతున్నాయనీ అనుకున్నారు. ఇవి నిజంగా చిన్నవయసువని గట్టిగా వాదించినవాడు ఆర్మేనియాలోని బ్యూరకాన్ వేధశాల స్థాపకుడు విక్టర్ అంబార్ట్సుమియన్. ఈ నక్షత్రాలు గుంపులుగా ఉన్నాయి. ఆ గుంపులు ఎంత వదులుగా ఉన్నాయంటే పాలపుంత గురుత్వాకర్షణకు అవి కొన్ని కోట్ల ఏళ్ళలోపే చెదిరిపోవాలి. ఇంకా చెదరలేదంటే అవి పుట్టి ఎక్కువ కాలం కాలేదు. 1947లో చేసిన ఈ తర్కం ఫలితంగా నక్షత్రాలు ఏనాడో ఒకసారి పుట్టి ఊరుకోలేదనీ, ఇప్పటికీ పుడుతూనే ఉన్నాయనీ తేలింది. అవి అతిసాంద్రమైన ఏదో ఆదిపదార్థం విచ్చిపోగా పుట్టాయన్న ఆయన రెండో నమ్మకం మాత్రం నిలవలేదు.

అదే 1947లో హార్వర్డ్‌లో బార్ట్ బాక్, ఈడిత్ రైలీ ఆకాశంలో కనిపించే చిన్న నల్లని గుండ్రటి మేఘాలే నక్షత్రాల పుట్టిళ్ళు కావచ్చునని సూచించారు. అది నిజమని పరారుణ పరిశీలనలు రుజువు చేయడానికి 1990 దాకా ఆగవలసి వచ్చింది. ఈ బాక్ పేరు హైదరాబాదు చరిత్రలోనూ కలుస్తుంది. నిజామియా వేధశాలలో పనిచేసిన సుణన్న బాపు కుమారుడు వైను బాపు, నిజాం కళాశాలలో చదువు ముగించి, హైదరాబాదు ప్రభుత్వ ఉపకారవేతనంతో హార్వర్డ్ చేరాడు. 1949 జులైలో తాను తీసిన ఫొటో పలక మీద ఒక కొత్త తోకచుక్కను పట్టుకున్నాడు. దానిని నిర్ధారించడంలో తోడ్పడిన బాక్, న్యూకర్క్‌ల పేర్లతో కలిపి అది బాపు–బాక్–న్యూకర్క్ తోకచుక్క అయింది. భారతదేశానికి తిరిగివచ్చాక బాపు కావలూరు వేధశాలను కట్టాడు. దేశంలో ఆధునిక వర్ణపట ఖగోళశాస్త్రం వేళ్ళూనుకోవడంలో ఆయన పాత్ర చాలా పెద్దది.

1956లో మెర్ల్ వాకర్ ఒక యువ తారాగుచ్ఛాన్ని కొలిచి, అందులోని చిన్న నక్షత్రాలు ఇంకా కుంచించుకుపోతున్న దశలోనే ఉన్నాయని చూపించాడు. 1961లో జపాన్‌కు చెందిన చుషిరో హయాషి ఆ కుంచించుకునే దశను గణితంగా వివరించాడు. టీ టౌరీ నక్షత్రాలు పసివన్న సంగతిలో ఇక సందేహం లేకపోయింది. రోహిణి దిక్కున ఉన్న ఆ మేఘాలు మనకు 450 కాంతి సంవత్సరాలకు కాస్త అటూఇటూగా ఉన్నాయి. అందులోని నక్షత్రాల వయసు పది, ఇరవై లక్షల ఏళ్ళ ప్రాంతం. రోహిణికి మాత్రం వీటితో ఏ చుట్టరికమూ లేదు. అది కేవలం 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న వృద్ధ నక్షత్రం. మన చూపుకు అడ్డంగా ఆ దిక్కున నిలబడింది, అంతే.

బయటికా, లోపలికా?

పసినక్షత్రం అని తెలిశాక, అది ఇంకా పెరుగుతోందా అన్న ప్రశ్న రావాలి. కాని 1960లలో దాదాపు అందరూ చూసింది దానికి విరుద్ధమైన దృశ్యం. వర్ణపట రేఖల ఆకారాన్ని బట్టి వాయువు మనవైపు వస్తోందో, మన నుంచి దూరంగా పోతోందో చెప్పవచ్చు. టీ టౌరీ నక్షత్రాల రేఖల్లో మనవైపు దూసుకువచ్చే వాయువు జాడ స్పష్టంగా ఉంది. అంటే నక్షత్రం నుంచి పదార్థం బయటికి పోతోంది. 1964లో లెనర్డ్ కుహి ఈ నష్టాన్ని లెక్కగట్టాడు. అప్పటి నుంచి ఇవి పదార్థాన్ని వెదజల్లే నక్షత్రాలుగా పేరుపొందాయి.

1966లో మెక్సికోకు చెందిన యూహెనియో మెండోసా వీటిని పరారుణ కాంతిలో కొలిచి, నక్షత్రపు ఉష్ణోగ్రతకు తగినదానికంటే చాలా ఎక్కువ పరారుణ కాంతి వస్తోందని కనుగొన్నాడు. చుట్టూ వేడెక్కిన ధూళి ఉందన్నమాట. రెండో కొస అయిన అతినీలలోహితంలో కూడా వెలుగు ఎక్కువగానే ఉంది. పైగా నక్షత్రపు శోషణ రేఖల మీద ఎవరో పలుచటి తెర కప్పినట్టు అవి వెలిసిపోయి కనబడుతున్నాయి. 1972లో వాకర్ మరో చిక్కు తెచ్చిపెట్టాడు. కొన్ని నక్షత్రాల రేఖల్లో వాయువు మన నుంచి దూరంగా, అంటే నక్షత్రం మీదికి, సెకనుకు వందల కిలోమీటర్ల వేగంతో పడుతున్న జాడ ఉంది. ఒకే జాతి నక్షత్రాల్లో వాయువు బయటికీ పోతోంది, లోపలికీ పడుతోంది.

వైద్యవృత్తిలో ఉన్నవారికి ఇది పరిచయమైన ఇబ్బందే. రోగి దగ్గర కొట్టొచ్చినట్టు కనబడే ఒక లక్షణం ఉంటుంది; నిర్ణయం దానిచుట్టూ అల్లుకుంటుంది. దానికి పొసగని మిగతా లక్షణాలకు ఒక్కొక్కదానికీ విడివిడిగా ఒక కారణం చెప్పి సర్దుకుంటాము. టీ టౌరీల విషయంలో జరిగింది ఇదే. అధిక పరారుణానికి ఒక గుండ్రటి ధూళి పొర, అధిక అతినీలలోహితానికి సూర్యుడి మీద ఉండేదానికంటే అనేక రెట్లు ఉగ్రమైన వర్ణావరణం, వెలువడే వాయువుకు నక్షత్ర పవనం: ఇలా మూడు జబ్బులు అంటగట్టారు. ఒకే కారణం అన్నింటినీ వివరించగలదని అప్పటికే ఒక పత్రం అచ్చయి ఉన్నా, దాన్ని పట్టించుకున్నవారు తక్కువ.

తిరుగుడు చిక్కు

ఆ పత్రాన్ని అర్థం చేసుకోవాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1755లో కాంట్, 1796లో లాప్లాస్ సూర్యుడూ గ్రహాలూ తిరుగుతున్న ఒకే మేఘం నుంచి పుట్టాయని ఊహించారు. మా తరం తెలుగు మాధ్యమంలో చదివిన ‘నీహారికా పరికల్పన’ ఇదే. మేఘం కుంచించుకునే కొద్దీ వేగంగా తిరుగుతుంది. తిరుగుడు ఎక్కువయ్యే కొద్దీ పళ్ళెంలా చదునవుతుంది. ఇంతవరకు ఇబ్బంది లేదు. కాని లాప్లాస్ ఊహే నిజమైతే మధ్యనున్న సూర్యుడు భయంకరమైన వేగంతో తిరుగుతూ ఉండాలి. మన సౌరకుటుంబంలో ద్రవ్యరాశి నూటికి తొంభైతొమ్మిది పాళ్ళకు పైగా సూర్యుడి దగ్గరే ఉంది. కోణీయ ద్రవ్యవేగం మాత్రం అత్యధిక భాగం గ్రహాల దగ్గర, అందులోనూ గురుగ్రహం దగ్గర ఉంది. సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి సుమారు 25 రోజులు తీసుకుంటాడు. ఈ లెక్క కుదరకనే ఇరవయ్యో శతాబ్ది మొదట్లో చాలామంది నీహారికా పరికల్పనను పక్కనపెట్టి, మరో నక్షత్రం సూర్యుడి దగ్గరగా వచ్చి పదార్థాన్ని లాగిందన్న కథల వైపు మొగ్గారు.

చిక్కు ఎక్కడుందో చూద్దాం. పళ్ళెంలో తిరిగే వాయుకణం తనంత తానుగా లోపలికి పడదు. భూమి సూర్యుడిలోకి పడనట్టే. పడాలంటే తన కోణీయ ద్రవ్యవేగాన్ని ఎవరికైనా అప్పగించాలి. లోపలి వలయం వేగంగా, బయటి వలయం నెమ్మదిగా తిరుగుతాయి కాబట్టి వాటి మధ్య రాపిడి లాంటిది ఉంటే లోపలిది బయటిదాన్ని ముందుకు తోస్తుంది. ఆ తోపులో తాను కోల్పోయి లోపలికి జారుతుంది, బయటిది ఇంకా బయటికి జరుగుతుంది. పదార్థం లోపలికీ, తిరుగుడు బయటికీ పోతాయి. 1940లలో వైట్సెకర్, 1952లో ల్యూస్ట్ జర్మనీలో ఈ ఆలోచనకు గణిత పునాది వేశారు. 1973లో షకూరా, సున్యాయెవ్ దీన్ని కృష్ణబిలాలకు అన్వయించారు. 1974లో కేంబ్రిడ్జికి చెందిన డొనాల్డ్ లిండెన్-బెల్, జిమ్ ప్రింగిల్ ఇదే సిద్ధాంతాన్ని సమగ్రంగా రాసి, టీ టౌరీ నక్షత్రాల అధిక పరారుణం పళ్ళెం నుంచీ, అధిక అతినీలలోహితం పళ్ళెపు పదార్థం నక్షత్రాన్ని తాకే చోటు నుంచీ వస్తున్నాయని సూచించారు. అప్పట్లో పెద్దగా చదవబడని పత్రం ఇదే. పదేళ్ళ తరవాత అందరూ దానికే తిరిగివచ్చారు.

ఒక లోటు మాత్రం ఉండిపోయింది. మామూలు వాయువుకు ఉండే స్నిగ్ధత ఈ పనికి ఏ మూలకూ చాలదు. తేనెకున్న జిగట గాలికి ఉండదు కదా. మరి రాపిడి ఎక్కడిది? జవాబు 1991లో స్టీవెన్ బాల్బస్, జాన్ హాలీ ఇచ్చారు: పళ్ళెంలో బలహీనమైన అయస్కాంత క్షేత్రం ఉన్నా చాలు, అది లోపలి వలయానికీ బయటి వలయానికీ మధ్య రబ్బరు తాడులా పనిచేసి, ప్రవాహాన్ని అస్థిరపరచి, సుడులు రేపుతుంది. ఈ అస్థిరతను గణితంగా మొదట చూపినవారు 1959లో వెలిఖోవ్, 1960లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. రెండు సిలిండర్ల మధ్య తిరిగే ద్రవం గురించి వారు రాసిన ఫలితానికి ఆకాశంలో ఇంత పని ఉందని ముప్పై ఏళ్ళ దాకా ఎవరూ గుర్తించలేదు. ఇదీ పూర్తి జవాబు కాదని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి. పళ్ళెపు చల్లని నడిమి భాగాల్లో విద్యుదావేశం ఉన్న కణాలు తక్కువ. అక్కడ అయస్కాంత క్షేత్రానికి పట్టు దొరకదు. అటువంటి చోట్ల పళ్ళెం ఉపరితలం నుంచి లేచే అయస్కాంత పవనాలే తిరుగుడును మోసుకుపోతాయని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు.

మృగశిర పక్కన

పళ్ళెం సిద్ధాంతాన్ని గట్టిపరచిన సాక్ష్యం రోహిణి దగ్గర నుంచి కాక, దాని తరవాతి నక్షత్రమైన మృగశిర దగ్గర నుంచి వచ్చింది. ఒరాయన్ రాశి తలభాగమే మృగశిర. దాని సమీపంలోని చీకటి మేఘం అంచున 1936–37లో ఒక మసక నక్షత్రం కొన్ని నెలల వ్యవధిలో సుమారు ఆరు తరగతులు వెలుగెక్కింది. పాగ్సన్ లెక్క ప్రకారం రెండు వందల యాభై రెట్లు. నోవా అయితే త్వరలోనే ఆరిపోవాలి. ఇది ఆరలేదు, ఎనభై ఏళ్ళు దాటినా ఇప్పటికీ చాలామటుకు అలాగే వెలుగుతోంది. దాని పేరు ఎఫ్.యూ. ఒరాయనిస్. లిక్ వేధశాలకు చెందిన జార్జ్ హెర్బిగ్ దీన్ని దశాబ్దాల పాటు వెంబడించాడు. 1969–70లో హంస రాశిలో మరో నక్షత్రం ఇదే విధంగా వెలిగింది. వెలగకముందు అది మామూలు టీ టౌరీ నక్షత్రమని పాత వర్ణపటం ఒకటి సాక్ష్యం చెప్పింది.

1985లో లీ హార్ట్‌మన్, స్కాట్ కెన్యన్ దీనికి చెప్పిన వివరణ సూటిగా ఉంది: మనం చూస్తున్నది నక్షత్రాన్ని కాదు, పళ్ళేన్ని. పదార్థం ఒక్కసారిగా లోపలికి ముంచెత్తడంతో పళ్ళెమే నక్షత్రాన్ని మించి వెలుగుతోంది. అందుకే నీలికాంతిలో ఒక ఉష్ణోగ్రత, ఎర్రకాంతిలో మరో ఉష్ణోగ్రత కనబడుతున్నాయి. అందుకే లోపలి భాగం నుంచి వచ్చే రేఖలు బయటి భాగం రేఖల కంటే ఎక్కువ వేగాన్ని చూపుతున్నాయి.

ఇక్కడ చిన్న లెక్క వేస్తే సంగతి తేటపడుతుంది. మామూలు టీ టౌరీ నక్షత్రం ఏడాదికి సూర్యుడి ద్రవ్యరాశిలో పది కోట్ల వంతు పదార్థాన్ని లాక్కుంటుంది. చిన్నదిగా కనిపించినా, నాలుగేళ్ళు తిరక్కుండా ఒక చంద్రుడంత పదార్థం. ఆ చొప్పున పది లక్షల ఏళ్ళు తిన్నా నూటికి ఒక్క పాలే పెరుగుతుంది. ఎఫ్.యూ. ఒరాయనిస్ ఉప్పెనలో ఈ రేటు పది వేల రెట్లు పెరిగి, ఏడాదికి ముప్పై మూడు భూములంత అవుతుంది. అంటే నూరేళ్ళ ఉప్పెన పది లక్షల ఏళ్ళ నెమ్మది తిండికి సమానం.

ఈ తీరు 1990 నాటికి మరో చిక్కుకూ దారి చూపింది. మేఘంలో ఇంకా కప్పబడి ఉన్న శిశునక్షత్రాలను కొలిచినప్పుడు, అవి సమంగా తింటూ పెరుగుతూ ఉంటే ఎంత వెలగాలో అంత వెలగడం లేదని తేలింది. చాలాకాలం కొద్దిగా తిని, అప్పుడప్పుడు విందు చేసుకుంటే ఈ లోటుకు చాలావరకు సమాధానం దొరుకుతుంది. విందు వేళ మనకు తారసపడే నక్షత్రాలు తక్కువ. అందుకే సగటున మసకగా ఉంటాయి. 2004 జనవరిలో జే మెక్‌నీల్ అనే అమెరికన్ ఔత్సాహికుడు చిన్న దూరదర్శినితో ఒరాయన్‌లో కొత్త నీహారికను కనుగొన్నాడు. హిండ్ నీహారిక లాగే ఇదీ ఒక పసినక్షత్రపు వెలుగులో మెరిసిన ధూళి. ఆ నక్షత్రపు హెచ్చుతగ్గులను ఏళ్ళ తరబడి గమనించినవారిలో, లద్దాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర దూరదర్శినితో పనిచేసిన భారతీయులు ఉన్నారు.

అయస్కాంత కాలువలు

పళ్ళెం నక్షత్రాన్ని నేరుగా తాకుతుందా? 1990ల మొదట్లో ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానం బయటికా లోపలికా అన్న పాత తగవును తీర్చింది. పసినక్షత్రాలకు వేల గాస్‌ల స్థాయి బలమైన అయస్కాంత క్షేత్రాలుంటాయి. నక్షత్ర వ్యాసార్ధానికి కొద్ది రెట్ల దూరంలో ఈ క్షేత్రం పళ్ళేన్ని నిలువరిస్తుంది. అక్కడి నుంచి వాయువు అయస్కాంత రేఖల వెంబడి, పంటకాలువల్లో నీరు మళ్ళినట్టు, వంపు తిరిగి సెకనుకు మూడు వందల కిలోమీటర్ల ప్రాంతపు వేగంతో నక్షత్రపు ఎగువ అక్షాంశాల మీద పడుతుంది. పడినచోట అభిఘాతం పుట్టి వేడి మచ్చలు ఏర్పడతాయి. అధిక అతినీలలోహితం, రేఖల మీది తెర వచ్చేది ఈ మచ్చల నుంచే. హార్ట్‌మన్, నూరియా కాల్వెట్ తదితరులు 1994లో ఈ నమూనాతో జాయ్ చూసిన హైడ్రోజన్ రేఖల ఆకారాలను లెక్కగట్టి చూపించారు.

మరి బయటికి పోయే వాయువు? అదీ నిజమే. దాన్ని నడిపేది కూడా లోపలికి పడే పదార్థమే. పళ్ళెం లోపలి భాగాల నుంచి కొంత పదార్థం అయస్కాంత క్షేత్రాల సాయంతో పైకీ కిందికీ ధారలుగా చిమ్ముకుపోతుంది. పోతూ తిరుగుడును వెంట తీసుకుపోతుంది. ఆ కొంత పోవడం వల్లే మిగతాది లోపలికి పడగలుగుతుంది. 1950 ప్రాంతంలో హెర్బిగ్, మెక్సికోకు చెందిన గిల్యెర్మో హారో విడివిడిగా గుర్తించిన చిన్న మెరుపు నీహారికలు ఈ ధారలు చుట్టూ ఉన్న వాయువును ఢీకొన్న చోట్లేనని ఇప్పుడు తెలుసు. 1964లో కుహి కొలిచిన నష్టం అబద్ధం కాదు; ఎదుగుదల ఖాతాలో అది ఖర్చు పద్దు. జమ పద్దు మరో పేజీలో ఉంది.

కళ్ళకు కట్టిన పళ్ళెం

ఇదంతా పరోక్ష సాక్ష్యమే. పళ్ళేన్ని పళ్ళెంగా చూసినవారు అప్పటికి లేరు. కువైట్‌లో ‘తోజ్’ లేచిన రోజున సూర్యుడు ఎర్రగా, పాలిపోయి కనబడతాడు. ధూళి నీలికాంతిని ఎక్కువగా చెదరగొట్టి ఎరుపును కొంత వదులుతుంది. కాంతి తరంగదైర్ఘ్యం పెరిగే కొద్దీ ధూళి పారదర్శకమవుతుంది. ఖగోళజ్ఞులు పట్టుకున్న దారి ఇదే. 1983లో ప్రయోగించిన ఐరాస్ ఉపగ్రహం పరారుణ కాంతిలో ఆకాశమంతా తడిమి, పసినక్షత్రాల చుట్టూ చల్లని ధూళి ఎంత సర్వసాధారణమో చూపింది. 1990లలో హబుల్ దూరదర్శిని ఒరాయన్ నీహారిక వెలుగు ముందు నల్లని నీడల్లా నిలిచిన పళ్ళేలను ఫొటో తీసింది.

2014 నవంబరులో చిలీ ఎడారిలోని ఆల్మా దూరదర్శినీ సముదాయం విడుదల చేసిన చిత్రం అందరినీ నివ్వెరపరచింది. టీ టౌరీ ఉన్న మేఘసముదాయంలోనే ఉన్న హెచ్.ఎల్. టౌరీ అనే నక్షత్రం చుట్టూ పళ్ళెం, అందులో ఒకదాని వెంట ఒకటిగా వెలుగు వలయాలు, నల్లని సందులు. ఆ సందుల్లో కొన్నింటినైనా పుడుతున్న గ్రహాలు కొరిగి ఉంటాయని అనుమానం. ఆ నక్షత్రం వయసు పది లక్షల ఏళ్ళు కూడా ఉండదు. అంత తొందరగా గ్రహాలు మొదలవుతాయని అప్పటిదాకా అనుకున్నవారు తక్కువ. 2018లో పీ.డీ.ఎస్. 70 అనే మరో పసినక్షత్రపు పళ్ళెం సందులో ఒక గ్రహమే నేరుగా చిత్రానికి చిక్కింది. మరుసటి ఏడాది దానికి తోబుట్టువు దొరికింది. ఆ రెండు గ్రహాల నుంచీ, జాయ్ నక్షత్రాల్లో చూసిన హైడ్రోజన్ ఎరుపు రేఖే వెలువడుతోంది. తల్లి తినే పళ్ళెంలోంచే పిల్లలూ తింటున్నారన్నమాట.

ఈ తిండికి గడువుంది. వేర్వేరు వయసుల తారాగుచ్ఛాలను పోల్చి 2001లో హైష్, ఇద్దరు లాడాలు చేసిన లెక్క ప్రకారం సగం నక్షత్రాలు ముప్పై లక్షల ఏళ్ళలో, దాదాపు అన్నీ అరవై లక్షల ఏళ్ళలో తమ పళ్ళేలను పోగొట్టుకుంటాయి. ఆ తరవాత కొలిచినవారు ఈ గడువును కొంత పొడిగించినా, నక్షత్రం ఆయుర్దాయంతో పోలిస్తే ఇది లిప్తపాటే. కొంత నక్షత్రంలో పడుతుంది, కొంత ధారలుగా పోతుంది, కొంత నక్షత్రకాంతి వేడికి ఆవిరై చెదురుతుంది. ఆలోగా గ్రహాలుగా ముద్దకట్టినదే మిగులుతుంది. కృత్తికల వయసు పది కోట్ల ఏళ్ళ పైమాటే. వాటి తొలి వాయుపళ్ళేలు ఏనాడో ఖాళీ అయ్యాయి.

సుమారు 457 కోట్ల ఏళ్ళ క్రితం సూర్యుడి చుట్టూ కూడా ఇటువంటి పళ్ళెం ఉండేది. దానిలో అత్యధిక భాగాన్ని సూర్యుడు తినేశాడు. తినగా, చెదరగా మిగిలిన కొద్దిపాటి శేషంలో ఒక చిన్న ముద్ద ఈ భూమి. మన ఎముకల్లోని కాల్షియం, నెత్తుటిలోని ఇనుము ఆ పళ్ళెంలో అంచున మిగిలిపోయిన ధూళిలోనివే. ఇంకొంచెం సేపు విందు సాగి ఉంటే ఈ కథ చెప్పేవాళ్ళూ వినేవాళ్ళూ ఉండేవారు కారు.

శీతకాలంలో కువైట్ ఎడారి శిబిరాల్లో, నగర దీపాలకూ చమురు బావుల మంటలకూ దూరంగా నిలబడితే సురయ్యా, ఆ వెనకే రోహిణి, ఇంకా వెనక మృగశిర తూర్పు నుంచి వరసగా పైకి వస్తాయి. రోహిణికి అరబ్బులు పెట్టిన పేరు అద్-దబరాన్. వెంబడించేది అని అర్థం. రోహిణి పక్కనున్న చీకటిలో కంటికి ఏమీ కనబడదు. టీ టౌరీ కంటికి అందేంత వెలుగుది కాదు. దాని పళ్ళెం అసలే కనబడదు. కాని ఇప్పుడు అక్కడేముందో తెలుసు. 1852లో హిండ్ రాసిపెట్టుకున్న ఒక మసక చుక్క దగ్గర, ఈ రాత్రి కూడా వాయువు కాలువలుగా వంపు తిరిగి ఒక పసినక్షత్రం మీద పడుతూనే ఉంది. దాని చుట్టూ ఇంకా ఖర్చుకాని పదార్థం తిరుగుతూనే ఉంది.